నాన్నగారి 49 డాలర్ల ఫోను

నాన్నగారూ అమ్మా 2023 అక్టోబరులో మొదటిసారి టెక్సస్‌లో ఉన్న మా ఇంటికి ఆరు నెలలు ఉండేట్టుగా వచ్చారు. నాన్నగారు నరసరావుపేటలో లెక్కల మాస్టారుగా ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. పొద్దున్నే నడకకు వెళ్ళకపోతే ఆయనకు రోజు మొదలుకాదు. ఇర్వింగ్‌లో మేముండే చోట అపార్టుమెంట్లన్నీ ఒకే రంగులో, ఒకే ఎత్తులో ఉంటాయి. రెండో రోజే ఆయన దారి తప్పి, మా బ్లాకుకు మూడు వీధుల అవతల ఒక పార్కింగు స్థలంలో నలభై నిమిషాలు నిలబడిపోయారు. వెంట తెచ్చుకున్న ఫోను జేబులోనే ఉంది కానీ, ఫోన్ చేద్దామంటే అందులో సిగ్నల్ లేదు.

ఆ ఫోను పాడైపోయింది కాదు. మన దగ్గర అమ్మే తక్కువ ధర ఫోన్లలో మన టవర్లు వాడే బ్యాండ్లే, అంటే సిగ్నల్ ప్రయాణించే తరంగాల శ్రేణులే, ముఖ్యంగా ఉంటాయి. ఇక్కడి కంపెనీలు ఇళ్ళ లోపలికీ దూరప్రాంతాలకూ సిగ్నల్ చేర్చడానికి వాడే 600, 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్లు చాలా ఫోన్లలో ఉండవు. దానికి తోడు 2022లో అమెరికాలోని పెద్ద కంపెనీలన్నీ తమ 3జీ నెట్‌వర్కులను మూసేశాయి. ఏటీ అండ్ టీ ఫిబ్రవరిలో, టీ-మొబైల్ జూలైలో, వెరైజన్ ఆ ఏడాది ఆఖర్లో ఆపేశాయి. అప్పటినుంచి 4జీ మీద కాల్ మాట్లాడే ఏర్పాటు ఇక్కడి కంపెనీ ఒప్పుకునే పద్ధతిలో లేని ఫోను చేతిలో ఉంటే, డేటా వచ్చినా కాల్ వెళ్ళకపోవచ్చు. పైగా ఆ ఫోనులో ఉన్న ఎయిర్‌టెల్ సిమ్‌ను తీయడానికి వీల్లేదు, ఎందుకంటే పెన్షన్ వచ్చే బ్యాంకు ఓటీపీలన్నీ దానికే వస్తాయి. అందుకని ఆయనకు ఇక్కడి నంబరుతో ఇంకో ఫోను కొనాలని నిర్ణయించుకున్నాను.

నవంబరులో థ్యాంక్స్‌గివింగ్ పండుగ వారం వచ్చింది. ఆ వారం ప్రీపెయిడ్ కంపెనీల షాపుల ముందు కనిపించే బోర్డులు ఇక్కడున్న మనవాళ్ళందరికీ తెలిసినవే. బయట 200 డాలర్లకు అమ్మే సామ్‌సంగ్ ఫోను 49 డాలర్లకే ఇస్తామని ఒక చవక కంపెనీ షాపు ముందు రాసి ఉంది. క్రెడిట్, అంటే అప్పులు తీర్చిన చరిత్ర, చూడరు, ఇక్కడివారి గుర్తింపు సంఖ్య అయిన సోషల్ సెక్యూరిటీ నంబరు అడగరు, సంవత్సరాల ఒప్పందం మీద సంతకం పెట్టించరు. ఆరు నెలలు ఉండి వెళ్ళే పెద్దాయనకు ఇంతకన్నా కుదిరే బేరం దొరకదని నాకు అనిపించింది. షాపులో ఉన్న అబ్బాయిని ఒకే ప్రశ్న అడిగాను, ఈ ఫోను ఇండియాలో పనిచేస్తుందా అని. పనిచేస్తుందన్నాడు. అతను చెప్పింది అబద్ధం కాదు, ఆ కంపెనీ సిమ్‌తో రోమింగులో నిజంగానే పనిచేస్తుంది. నేను అడగవలసిన ప్రశ్న అది కాదని నాకు ఐదు నెలల తరువాత తెలిసింది.

ఆ రోజు చెల్లించిన డబ్బు వివరం ఇదీ. ఫోనుకు 49 డాలర్లు, దాని మీద మా ఊళ్ళో అమ్మకపు పన్ను నూటికి 8.25 చొప్పున 4 డాలర్లు, ఫోను సిద్ధం చేసి ఇచ్చినందుకు షాపువారి రుసుము 25, మొదటి నెల ప్లాన్‌కు పన్నులతో సహా 40. ఈ తగ్గింపు ధర కావాలంటే ఆ 40 డాలర్ల అపరిమిత డేటా ప్లాన్‌తోనే మొదలుపెట్టాలన్నారు. మొత్తం 118 డాలర్లు అయింది. కారులో కూర్చోగానే నాన్నగారు బిల్లు చేతిలోకి తీసుకుని, పైనుంచి కిందికి రెండుసార్లు చదివి, "49 అన్నది బోర్డు మీదేనా?" అని అడిగారు. మిగిలినవి ఎక్కడైనా తప్పవని సర్దిచెప్పాను.

ఫోను ఆ ఐదు నెలలూ చక్కగా పనిచేసింది, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. ఆయన నడకకు వెళ్ళినప్పుడు మ్యాప్ పెట్టుకుని వెళ్ళేవారు. ఫ్రిస్కో గుడికి వెళ్ళిన రోజున జనంలో విడిపోయినా, అమ్మ ఆయన్ను ఫోన్ చేసి పిలిచింది. మార్చి చివర్లో ఇద్దరూ తిరుగు ప్రయాణమయ్యారు. ఆ ఫోను ఆయన పాత ఫోనుకన్నా ఎంతో మెరుగ్గా ఉంది కనుక దానిలోనే ఎయిర్‌టెల్ సిమ్ వేసుకుంటానని ఆయన ముచ్చటపడ్డారు. వద్దనడానికి నాకూ కారణం కనబడలేదు.

నరసరావుపేట చేరిన రెండో రోజు ఆయన వీడియో కాల్ చేశారు. పాత ఫోనుతో చేసి, కొత్త ఫోను తెరను కెమెరాకు దగ్గరగా పట్టుకుని చూపించారు. తెర మధ్యలో తెల్లటి పెట్టె, అందులో ఇంగ్లీషులో సిమ్ నెట్‌వర్క్ అన్‌లాక్ పిన్ ఎంటర్ చేయమన్న ఒక వాక్యం, కింద ఖాళీ గీత, దాని కింద అంకెల వరుస ఉన్నాయి. ఆయన తన ఏటీఎం పిన్ కొట్టి చూశారట, ఫోను ఒప్పుకోలేదు. తరువాత బజారులో ఫోన్లు అమ్మే షాపుకు తీసుకువెళ్తే, అక్కడి కుర్రాడు పిన్నుతో ట్రే లాగి, సిమ్‌ను చొక్కా అంచుకు తుడిచి, మళ్ళీ పెట్టి చూసి, "మాస్టారూ, ఇది అమెరికా లాక్ ఫోనండీ. ఇలాంటివి మా దగ్గరికి వస్తూనే ఉంటాయి. గుంటూరులో తీసేవాళ్ళున్నారు, రెండు వేలు తీసుకుంటారు, గ్యారంటీ మాత్రం ఉండదు" అన్నాడట. నాన్నగారు ఇంటికి తెచ్చేశారు.

అప్పుడు నేను డబ్బా అడుగున ఉన్న అక్షరాలను మొదటిసారి చదివాను. డబ్బా మా అలమరలోనే ఉంది. ఫోను ఆ కంపెనీ నెట్‌వర్కుకు లాక్ చేసి ఉందనీ, అంటే వేరే కంపెనీ సిమ్ వేస్తే పనిచేయదనీ, 12 నెలల పాటు డబ్బు కట్టి సర్వీసు వాడిన తరువాతే అన్‌లాక్‌కు అర్హత వస్తుందనీ చీమ తలకాయలంత అక్షరాల్లో అచ్చు వేసి ఉంది. మేము కట్టింది ఐదు నెలలకు. కస్టమర్ సర్వీసుకు నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఆయన ముసలివారనీ, దేశం విడిచి వెళ్ళిపోయారనీ, కొనేటప్పుడు లాక్ సంగతి ఎవరూ చెప్పలేదనీ నేను చెబుతూ ఉంటే, అవతలివారు మర్యాదగానే విని ప్రతిసారీ అదే పేరా చదివారు. నాలుగో మనిషి మాత్రం ఒక పనికొచ్చే మాట చెప్పింది. ఆ 12 నెలలు వరుసగా ఉండనక్కరలేదు, మొత్తం కలిపి ఉంటే చాలు, కానీ అన్‌లాక్ చేసే వేళకు ఫోను అమెరికాలో తమ నెట్‌వర్కు మీద ఉండాలి అంది. అన్ని కంపెనీల నిబంధన ఇలా ఉండదు. వరుసగా రోజులు లెక్కపెట్టే కంపెనీలూ ఉన్నాయి, ఒక నెల రీచార్జి తప్పితే అక్కడ లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది.

ఈ మాట చెప్పినప్పుడు నాన్నగారు కాసేపు ఊరుకుని, "అయితే మనం కొన్నామా, అద్దెకు తెచ్చుకున్నామా?" అని అడిగారు. తరువాత ఆయనే, "రిలయన్స్ ఫోను లాగానా?" అన్నారు. 2003లో వానాకాలంలో రిలయన్స్ ఇన్ఫోకామ్ 501 రూపాయలకు ఫోను చేతికిచ్చి, మిగతాది నెలనెలా కట్టించుకున్న పథకం ఆంధ్ర దేశంలో ఎన్ని ఇళ్ళకు మొదటి సెల్‌ఫోను తెచ్చిందో ఆ రోజులు చూసినవారికి తెలుసు. మా ఇంటికి వచ్చిన మొదటి ఫోనూ అదే. దానిలో సిమ్ అనేదే ఉండేది కాదు, నంబరు ఫోనుతో కలిసే ఉండేది, కంపెనీ మారాలంటే ఫోనూ మారాలి. 2017లో 1,500 రూపాయల డిపాజిట్ మీద వచ్చిన జియోఫోను కూడా జియో సిమ్‌తోనే పనిచేసేది. కానీ ఆ రెండిటి సంగతీ కొనేటప్పుడే అందరికీ తెలుసు, ఊరంతా చెప్పుకునేవారు. ఇండియాలో మిగతా ఫోన్లు దాదాపు అన్నీ ఏ సిమ్ వేసినా పనిచేసేవే కాబట్టి, లాక్ అనే మాట మన ఆలోచనలోకే రాదు. అమెరికా వచ్చిన మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే అని నా అభిప్రాయం. మోసపోవడం కాదది, అడగాలన్న సంగతే తెలియకపోవడం.

ఈ అనుభవం తరువాత నేను ఈ చవక కంపెనీల వ్యవహారాన్ని శ్రద్ధగా చదివాను. వీటిలో చాలావాటికి సొంత టవర్లు లేవు. పెద్ద కంపెనీల నెట్‌వర్కును టోకున కొని చిల్లరగా అమ్ముతాయి. ట్రాక్‌ఫోన్ 1996 నుంచి ఈ వ్యాపారంలో ఉంది, దాన్ని 2021 నవంబరులో వెరైజన్ కొనేసింది. వాల్‌మార్ట్‌లో దొరికే స్ట్రెయిట్ టాక్ ఆ కుటుంబంలోదే. క్రికెట్ 2014 నుంచి ఏటీ అండ్ టీ చేతిలో ఉంది, మెట్రో టీ-మొబైల్‌ది. మింట్ మొబైల్‌ను కూడా టీ-మొబైల్ 2024 మేలో తనలో కలుపుకుంది. కనుక పేర్లు పదీ ఇరవై కనిపించినా, వెనక ఉన్న టవర్లు ప్రధానంగా మూడు కంపెనీలవే. మీ ఇంట్లో, మీ ఆఫీసులో, మీరు రోజూ వెళ్ళే దారిలో ఆ మూడింటిలో ఏది బాగా పలుకుతుందో చూసుకోకుండా ధర చూసి ఫోను కొంటే, లాక్ ఉన్నంతకాలం పలకని నెట్‌వర్కుకు కట్టుబడి ఉండాల్సి వస్తుంది. కొన్ని కంపెనీలు ఈసిమ్ మీద, అంటే కార్డు లేకుండా ఫోను లోపలే ఉండే సిమ్ మీద, కొన్నాళ్ళు ఉచితంగా వాడి చూడనిస్తాయి. మీ పాత ఫోనులో ఆ పరీక్ష చేసి చూశాకే కొత్త ఫోను సంగతి ఆలోచించమని నేను ఇప్పుడు అందరికీ చెబుతున్నాను. రద్దీ వేళల్లో ఈ చవక ప్లాన్ల వారి డేటాను పెద్ద ప్లాన్ల వారి తరువాత పంపే పద్ధతి కూడా ఉంది. గుళ్ళో, స్టేడియంలో, విమానాశ్రయంలో నెట్ ఒక్కసారిగా నెమ్మదించడానికి ఇదీ ఒక కారణం.

ఫోను మీద 150 డాలర్లు తగ్గించిన కంపెనీ ఆ డబ్బును ప్లాన్ల రూపంలో రాబట్టుకోవాలి, రాబట్టుకునేదాకా మనిషి జారిపోకుండా చూసుకోవాలి. లాక్ ఉన్నది అందుకే. ఒక రకంగా అది న్యాయమే, నేను దాన్ని తప్పు పట్టడం లేదు. తగ్గింపును కొండంత అక్షరాల్లో, లాక్‌ను గోరంత అక్షరాల్లో రాయడమే నాకు బాధ కలిగించింది.

చట్టం సంగతి కూడా చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటున్నారు. సొంత ఫోను లాక్‌ను సొంతంగా తీసుకోవడానికి ఇక్కడి కాపీరైట్ చట్టం నుంచి ఉన్న మినహాయింపు 2013 జనవరిలో తొలగిపోయింది. దాన్ని తిరిగి ఇవ్వాలని 1,14,000 మందికి పైగా వైట్‌హౌస్‌కు అర్జీ పెట్టారు. 2014 ఆగస్టు 1న ఒబామా సంతకంతో దానికి చట్టం వచ్చింది. అయితే ఆ చట్టం లాక్ తీసుకునే హక్కును మనకు ఇచ్చింది కానీ, ఫలానా రోజులోగా తీసి తీరాలని కంపెనీల మీద గడువు పెట్టలేదు. ప్రీపెయిడ్ ఫోన్లకు ఏడాది దాటకుండా అన్‌లాక్ చేస్తామన్నది పరిశ్రమ తనంతట తాను ఇచ్చిన మాట. వెరైజన్ ఒక్కదానికి మాత్రం, 2008లో వేలంలో కొన్న 700 మెగాహెర్ట్జ్ తరంగాల షరతు వల్ల, తరువాత ట్రాక్‌ఫోన్ కొనుగోలుకు అనుమతి ఇచ్చినప్పుడు పెట్టిన షరతు వల్ల, 60 రోజుల గడువు వర్తించింది. అందరికీ ఆ 60 రోజులే పెట్టాలని ఫోన్ల వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ 2024 జూలైలో ఒక ప్రతిపాదన తెచ్చింది. ఇటు వెరైజన్ తనకు ఆ షరతు నుంచే మినహాయింపు కావాలని 2025లో అడిగింది. అంటే ఇవి కదలని నియమాలు కావు. పోయిన ఏడాది మీ స్నేహితుడికి రెండు నెలల్లో లాక్ తీశారంటే మీకూ అలాగే తీస్తారని అనుకోకూడదు. మీరు కొనే రోజున ఆ కంపెనీ వెబ్‌సైటులో అన్‌లాక్ నిబంధన ఉన్న పేజీని తెరిచి, చదివి, తారీఖు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. బిల్లు కూడా దానితో కలిపి ఉంచండి. ఈ రెండూ చేతిలో లేకపోవడం వల్లే నేను ఫోనులో అంతసేపు బతిమాలుకోవలసి వచ్చింది.

లెక్క వేసి చూపించింది మాత్రం నాన్నగారే. ఆయన పాత క్యాలెండరు కాగితం వెనక రెండు నిలువు గళ్ళు గీసి, అంకెలు నన్ను అడిగి రాసుకుని, ఫోటో తీసి పంపారు. ఎడమ గడిలో మేము కొన్న ఫోను ఉంది. మొదటి రోజు 118 డాలర్లు, తరువాత పదకొండు నెలలకు 40 చొప్పున 440, ఏడాదికి 558. కుడి గడిలో అదే ఫోనును లాక్ లేకుండా పూర్తి ధరకు, పన్నుతో కలిపి 216.50కి కొని, నెలకు పన్నులతో సహా 17 డాలర్ల చిన్న ప్లాన్ వేసుకుంటే అయ్యేది. ఏడాదికి 204 కలిపితే 420.50. ఇంట్లో వైఫై ఉన్న మనిషికి ఆ చిన్న ప్లాన్ డేటా సరిపోతుంది. అడుగున ఆయన 137.50 అని రాసి, దాని కింద రెండు గీతలు గీశారు. 150 డాలర్ల తగ్గింపు కోసం వెళ్ళి ఏడాదికి 137 డాలర్లు ఎక్కువ కట్టే బేరం చేసుకున్నామన్నమాట. ఐదు నెలలకే ఆపేశాం కాబట్టి మాకు చేతినుంచి పోయినది 278. అదే కుడి గడి పద్ధతిలో 301 అయ్యేది. అంటే 23 డాలర్లు మిగిలాయి, నిజమే, కానీ చేతిలో ఉన్నది ఇండియాలో మాట పలకని ఫోను.

అదే కాగితం మీద ఆయన మూడో గడి కూడా గీశారు, అది నాకు తోచలేదు. రెండో నెల నుంచే 25 డాలర్ల ప్లాన్‌కు దిగిపోయి ఉంటే ఏడాదికి 393 అయ్యేది, కుడి గడికన్నా 27 డాలర్లు తక్కువ. ఆ కంపెనీలో దిగిపోవడానికి వీలు ఉందా అని అడిగారు. చూస్తే వీలుంది! ఆ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. కనుక తగ్గింపు ఫోను ఎప్పుడూ నష్టమే అని నేను అనడం లేదు. ఏడాదికి మించి ఇక్కడే ఉండేవారికి, ఆ నెట్‌వర్కు ఇంట్లో బాగా పలికేవారికి, చిన్న ప్లాన్‌కు మారే వీలు ఉన్నచోట అది నిజంగానే మంచి బేరం. ముఖ్యంగా కొత్తగా చదువుకోవడానికి వచ్చే పిల్లలకు క్రెడిట్ చరిత్ర ఉండదు, పెద్ద కంపెనీలు నెలవాయిదాల మీద ఫోను ఇవ్వడానికి వెనకాడతాయి, చేతిలో ఉన్న డాలర్లన్నీ అద్దె డిపాజిట్‌కూ ఫీజుకూ పోతాయి. ఆ మొదటి నెలలో 50 డాలర్లకు మంచి ఫోను దొరకడం చిన్న సాయం కాదు.

మా చేతిలో ఉన్న ఫోనుకు దారి కూడా అలాగే దొరికింది. మా అక్క కొడుకు 2024 ఆగస్టులో డెంటన్‌లో ఎమ్మెస్ చదవడానికి వచ్చాడు. వస్తూ నరసరావుపేట వెళ్ళి, తాతయ్య దగ్గర ఆ ఫోను తీసుకుని, బట్టల మధ్య చుట్టి తెచ్చాడు. అదే కంపెనీ సిమ్ వేసి, 25 డాలర్ల ప్లాన్ తీసుకున్నాం. ఇంకా ఏడు నెలలు కట్టాలి, 175 డాలర్లు. వాడికి ఎలాగూ ఒక ఫోను నంబరు కావాలి కాబట్టి అది వృథా ఖర్చు కాదు. ఈలోగా నాన్నగారికి అక్కడే బజారులో, ఆ కుర్రాడి షాపులోనే, రెండు సిమ్‌లు పట్టే ఫోను ఒకటి 13 వేలకు కొనిచ్చాను. గుంటూరులో రెండు వేలకు లాక్ తీయించడానికి ఆయన ఒప్పుకోలేదు, నేనూ వద్దన్నాను. అలాంటి చోట ఫోను లోపలి సాఫ్ట్‌వేరును ఎలా మారుస్తారో మనకు తెలియదు, బ్యాంకు యాప్ ఉండే ఫోనును అలా ఎవరి చేతికో ఇచ్చి రావడం మంచిది కాదు.

ఇండియాకు తీసుకువెళ్ళాలనుకునేవారు లాక్ ఒక్కటే కాక ఇంకో రెండు చూసుకోవాలి. మొదటిది బ్యాండ్లు. ఇక్కడి ప్రీపెయిడ్ కంపెనీల కోసం తయారైన చవక మోడళ్ళలో కొన్నిటికి, జియో 4జీలో వాడే 2300 మెగాహెర్ట్జ్, అంటే 40వ బ్యాండు, ఉండదు. అది లేకపోయినా 1800, 850 బ్యాండ్ల మీద పనిచేస్తుంది కానీ, రద్దీ ఉన్న ఊళ్ళో వేగం తగ్గుతుంది. మోడల్ నంబరు చివరి అక్షరం దాకా చూసుకుని, ఆ మోడల్ బ్యాండ్ల జాబితా చదివితే సంగతి తెలిసిపోతుంది. ఒకే పేరుతో ఇండియాలో అమ్మే ఫోనూ అమెరికాలో అమ్మే ఫోనూ చాలాసార్లు లోపల ఒకటి కావు. మా ఫోనులో సిమ్ గది కూడా ఒక్కటే, అక్కడి మోడల్లో రెండు ఉంటాయి. రెండోది ఐఫోన్ కొనేవారికి. 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లకు సిమ్ పెట్టే గదే లేదు, అంతా ఈసిమ్. ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలకు అలాంటి ఫోను కానుకగా ఇచ్చేముందు, వాళ్ళ సిమ్‌ను ఈసిమ్‌గా మార్చే పని దగ్గరుండి చేసిపెట్టేవారు ఉన్నారో లేదో చూసుకోవాలి. ఐఫోన్‌లో లాక్ ఉందో లేదో తెలుసుకోవడం తేలిక. సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరిస్తే, క్యారియర్ లాక్ అన్న చోట నో సిమ్ రెస్ట్రిక్షన్స్ అని ఉండాలి. ఆండ్రాయిడ్ ఫోనైతే వేరే కంపెనీ సిమ్ వేసి చూడడాన్ని మించిన పరీక్ష లేదు. ఆ పరీక్ష విమానం ఎక్కకముందే చేయాలి, ఎందుకంటే లాక్ తీసే ఆజ్ఞ ఇక్కడి నెట్‌వర్కు మీద ఉన్నప్పుడే అందే ఫోన్లు మాది లాంటివి చాలా ఉన్నాయి.

మా మేనల్లుడి రూమ్మేటు కూడా ఆ ఆగస్టులోనే ఇంకో చవక కంపెనీలో తగ్గింపు ఫోను కొన్నాడు. ఆ అబ్బాయి షాపుకు వెళ్ళేముందు మా ఇంటికి భోజనానికి వచ్చాడు. నేను నాన్నగారి క్యాలెండరు కాగితం ఫోటో చూపించి, షాపులో అడగవలసినవి చెప్పాను. లాక్ ఎన్నాళ్ళు, ఆ నాళ్ళు వరుసగానా మొత్తం మీదనా, మొదటి నెల తరువాత ప్లాన్ తగ్గించుకోవచ్చా, ఫోను ధర కాక ఈ రోజు కట్టవలసినది మొత్తం ఎంత అన్నవి. అతను ఓపికగా అన్నీ అడిగి, జవాబులు ఆ బిల్లు మీదే రాయించుకుని వచ్చాడు. రెండేళ్ళు ఇక్కడే ఉంటాడు, డిసెంబరు సెలవులకు కూడా ఇండియా వెళ్ళే ఆలోచన లేదు. అతని బేరం బాగానే కుదిరింది.

2025 మార్చి రెండో వారంలో మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామయ్యా, ఏడో నెల కట్టేశాను, అన్‌లాక్‌కు అర్జీ పెట్టాను, రెండు రోజులు ఆగమన్నారు" అన్నాడు. మూడో రోజు ఆదివారం, వాడు మా ఇంటికే వచ్చి ఉన్నాడు. డైనింగ్ టేబుల్ మీద ఫోను పెట్టి, ఒకసారి ఆపి మళ్ళీ వేశాడు. ఇండియా నుంచి వచ్చేటప్పుడు తెచ్చుకున్న ఎయిర్‌టెల్ సిమ్‌ను పర్సు లోపలి అరలోంచి తీసి, ట్రేలో పెట్టి నెట్టాడు. ఆ తెల్లటి పెట్టె వస్తుందేమోనని ఇద్దరం తెర వైపే చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి పైన మూలన రోమింగు గుర్తు, దాని పక్కన సన్నటి గీతలు కనిపించాయి.

ఆ మేలో అక్క ఇక్కడికి వచ్చి వెళ్తూ దాన్ని నరసరావుపేట తీసుకువెళ్ళింది. ఇప్పుడది అమ్మ దగ్గర ఉంది. మధ్యాహ్నం పూట మనవరాలితో మాట్లాడేటప్పుడు వంటింటి గట్టు మీద చింతపండు డబ్బాకు ఆనించి పెట్టుకుంటుంది. నాన్నగారు ఆ క్యాలెండరు కాగితాన్ని ఫోను డబ్బాలోనే మడిచి పెట్టారట. తెలిసినవాళ్ళ పిల్లలు ఎవరైనా అమెరికా వెళ్తున్నారంటే పిలిచి చూపిస్తున్నారని అమ్మ చెప్పింది.